ఇంటి ముంగట సజ్జ ఏసినవా?

ఘట్‌కేసర్ వైపు మేం ఇల్లు కట్టుకున్న కొత్తలో, అంటే 2016లో, మా నాయిన పాలమూరు నుంచి చూడటానికి వచ్చాడు. గేటు తీసి లోపల అడుగుపెట్టి అక్కడే ఆగిపోయాడు. వంగి, ఒక కంకిని రెండు వేళ్ల మధ్య పట్టుకుని కింది నుంచి పైకి దూశాడు. అరచేతిలో ఒక్క గింజా రాలలేదు. నా వైపు తిరిగి అడిగాడు: "ఇదేంది బిడ్డా, ఇంటి ముంగట సజ్జ ఏసినవా? గింజ పట్టలేదేంది?"

సజ్జ కాదు నాయినా, ఫౌంటెన్ గ్రాస్ అంటారు, అందం కోసం పెట్టించాం అన్నాను. "గడ్డా? పైసలిచ్చి గడ్డి పెట్టిచ్చినవా?" అని, ఇంకో మాట లేకుండా కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. మా ఆయన నవ్వాపుకోలేక లోపలికి తప్పుకున్నాడు. నాకు మాత్రం కొంచెం చిన్నతనంగానే అనిపించింది.

తర్వాత చదివితే తెలిసింది, ఆయన పెద్ద తప్పేమీ మాట్లాడలేదని. సజ్జ, ఈ ఫౌంటెన్ గ్రాస్ దగ్గరి చుట్టాలు. పశువులకు కోసి వేసే నేపియర్ గడ్డి కూడా ఆ ఇంటిదే. సజ్జను నేపియర్‌తో కలిపే హైబ్రిడ్ నేపియర్ తీశారు. అమెరికాలో అయితే సజ్జనే ముదురు ఊదా రంగు ఆకులతో తయారుచేసి 'పర్పుల్ మెజెస్టీ' అని పేరు పెట్టి పూలకుండీల్లోకి ఎక్కించారు. 2003లో దానికి అక్కడ కొత్త రకాల మొక్కలకిచ్చే ఆల్ అమెరికా సెలెక్షన్స్ బంగారు పతకం కూడా వచ్చింది. ఈ సంగతి చెబితే నాయిన నమ్మలేదు. పతకం ఇచ్చి గింజ మాత్రం తినరా అన్నాడు. ఆయన గింజ గురించి అడిగిన ప్రశ్న కూడా సరైనదే. మా ఇంట్లో పెట్టింది ఎర్రటి ఆకుల రకం. దానికి కంకి వస్తుంది గానీ మొలిచే గింజ దాదాపుగా పట్టదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా కాలనీలో ఇప్పుడు ఎటు చూసినా ఇళ్లు లేస్తున్నాయి. గృహప్రవేశం దగ్గరపడగానే ఎవరో ఒకరు మా గేటు దగ్గర నిలబడి అడుగుతారు: "అక్కా, ముందున్న ఆ కాస్త జాగాలో పూల చెట్టు పెట్టమంటారా, కుచ్చుల గడ్డి పెట్టమంటారా?" రెండూ పెంచాను, రెండూ ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నాయి కాబట్టి నన్ను అడగడం సబబే. నా జవాబు: ముందు చెట్టుకు గుంత తవ్వండి, గడ్డి సంగతి ఆ తర్వాత. రెండూ మంచివేగా, ఏది ముందైతే ఏంటి అంటారు. ఏది ముందు అన్న దగ్గరే నాకు మూడేళ్లు పోయాయి.

మాది పడమర ముఖం ఇల్లు. వాస్తు పట్టింపు ఉన్నవాళ్లు వద్దనుకుని వెళ్లిపోబట్టే ఆ 200 గజాల ప్లాటు మా చేతికొచ్చింది. ఈశాన్యంలో సంపు, దాని పక్కనే బోరు, వాయవ్యంలో సెప్టిక్ ట్యాంకు, కారు నిలబెట్టే జాగా పోగా, ఇంటి ముందు మట్టి కనిపించే చోటు పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు మిగిలింది. గృహప్రవేశానికి ఇంకా పది రోజులే ఉంది. ఇల్లు చూస్తే సున్నం వాసన, ముందు చూస్తే బోసి మట్టి. ఒక ల్యాండ్‌స్కేప్ అతన్ని పిలిపించాం. అతను టేపు పెట్టి కొలిచి, "మేడం, చెట్టయితే మీకు అయిదారేళ్లు. ఇదయితే వారంలో రెడీ" అన్నాడు. తెల్ల గులకరాళ్లు పరిచి, మధ్యలో 24 ఎర్ర గడ్డి మొక్కలు నాటి పోయాడు.

అతను చెప్పినట్టే అయింది. ఆ వర్షాకాలం దాటేసరికి దుబ్బులు మూడడుగులు లేచాయి. దాని అందాన్ని తక్కువ చేసి మాట్లాడను. సాయంత్రం అయిదున్నరకు ఎదురు ప్లాట్లో అడ్డం ఏమీ లేక ఎండ ఏటవాలుగా గడ్డి వెనక నుంచి పడేది. ఒక్కో కంకి జానెడు పొడవు, నక్క తోకలా మెత్తగా, గులాబీకి గోధుమ రంగు కలిపినట్టు ఉంటుంది. ఆ వెలుగులో కంకి మీది నూగుకంతా సన్నటి బంగారు అంచు వచ్చేది. కొంచెం గాలి వీస్తే 24 దుబ్బులూ ఒకేసారి ఒకవైపుకి వంగి లేచేవి. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పకుండా మెట్ల మీద కూర్చుని చూసిన సాయంత్రాలు చాలా ఉన్నాయి. ఫోటోలకైతే లెక్కే లేదు. నీళ్లు కూడా పెద్దగా అడగదు, వారానికి ఒకసారి పైపు పెడితే చాలు. బోరు ఎండి ట్యాంకర్ కోసం వీధంతా ఎదురుచూసిన నెలల్లో ఆ గుణం చిన్నది కాదు.

ఇంత బాగున్నదానితో పేచీ ఏంటి?

పేచీ ఏంటంటే, అది చోటు నింపేసింది. బోసిగా ఉన్న మట్టి మనల్ని రోజూ పొడుస్తుంది, ఏదో ఒకటి నాటమంటుంది. ఆ పొడుపే లేకపోతే చెట్టు గుర్తుకు రాదు. గడ్డి మూడు నెలల్లో ఆ నోరు మూయించింది. 2017 తొలకరికి చెట్టు పెడదాం అనుకున్నాం. ముందు అంతా నిండుగానే ఉందిగా, ఎక్కడ పెడతాం అని వదిలేశాం. 2018లో అసలు అనుకోను కూడా లేదు. ఆ అయిదారేళ్ల లెక్క ల్యాండ్‌స్కేప్ అతను చెప్పిన రోజునే మొదలై ఉంటే, మా పడకగదికి ఎంత ముందుగా నీడ వచ్చేదో!

పడకగది మాట ఎందుకొచ్చిందంటే, మా ముందు గోడ పడమటి గోడ. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండింటి నుంచి పొద్దుగూకేదాకా ఎండ దాని మీదే. రాత్రి పదింటికి గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది, పెనం దించిన పొయ్యిలా. మూడడుగుల గడ్డి ఆ గోడకి ఏం చేస్తుంది? కిటికీ దాకా కూడా రాదు. పైగా సరిగ్గా ఆ నెలల్లోనే అది ఎండి, వరిగడ్డి రంగుకు తిరుగుతుంది.

ఇక్కడ నాకొక సంగతి తట్టింది. ఈ గడ్డి మోజు మనకు చలిదేశాల నుంచి వచ్చింది. జర్మనీలో కార్ల్ ఫోర్‌స్టర్ అనే నర్సరీ ఆయన గడ్డి జాతుల్ని తోటల్లోకి తేవడానికి జీవితమంతా పాటుపడ్డాడు. మన కాలంలో డచ్ తోటల డిజైనర్ పీట్ ఊడాల్ఫ్ దాన్ని ప్రపంచమంతా పాకించాడు. న్యూయార్క్‌లో పాత రైలు వంతెన మీద వేసిన హై లైన్ తోట, 2009లో తెరిచారే, అందులో మొక్కల అమరిక ఆయనదే. అక్కడి లెక్క వేరు. చలికాలంలో పూలుండవు, చెట్లకి ఆకుండదు. అప్పుడు ఎండిన గడ్డి నిలబడి ఉంటుంది, దాని మీద మంచు పేరుకుంటుంది, అదే ఆ నెలల్లో తోటకి అందం. న్యూజెర్సీలో ఉండే మా చెల్లెలు జనవరిలో పంపిన ఫోటో చూశాను. వాళ్లింటి ముందు ఎండిన కుచ్చుల మీద మంచు, నిజంగానే బాగుంది. వాళ్లకి ఎండ కావాలి, అడ్డం వచ్చే చెట్టు అక్కర్లేదు. మనకు తోట చచ్చిపోయే కాలం వేసవి. అప్పుడు ఎండిన గడ్డిని చూస్తే బాగుండదు సరికదా, గొంతు ఇంకా ఆరిపోతుంది. వాళ్ల చలికాలానికి కుదిరిన జవాబుని తెచ్చి మన మే నెలకి అతికించుకున్నాం.

ఎండిన గడ్డితో ఇంకో ప్రమాదం ఉందని 2019 మార్చిలో తెలిసింది. పక్క ప్లాటు అప్పటికి ఖాళీ. ఎవరో అక్కడ చెత్త పోగేసి నిప్పు పెట్టారు. గాలికి ఒక నిప్పురవ్వ ఎగిరి మా దుబ్బులో పడింది. నేను వంటింట్లో ఉన్నాను. చిటపటలు వినిపించి, పాప దీపావళి మిగులు టపాసులేమైనా కాలుస్తోందేమో అనుకుని బయటికొచ్చాను. నాలుగు దుబ్బులు అప్పటికే మంటలో ఉన్నాయి, అయిదోది అంటుకుంటోంది. బకెట్టు నింపేలోపు పదయ్యాయి. గేటు రంగు పొంగింది, బండి సీటు కవరు కరిగింది. మనుషులకేం కాలేదు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర లేదు.

విచిత్రం ఏంటంటే, నెల తిరగకుండా కాలిన మొదళ్ల నుంచే మళ్లీ పచ్చగా పిలకలొచ్చాయి. అది చూసి మురిసిపోయి ఫోటో తీశాను కూడా. దాని గుణమే అది అని తర్వాత తెలిసింది. ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా ఎండు నేలల నుంచి వచ్చిన ఈ గడ్డి నిప్పును మోస్తుంది, నిప్పు తర్వాత అందరికంటే ముందు లేస్తుంది, మిగతా మొక్కల చోటు ఆక్రమిస్తుంది. హవాయి దీవుల్లో పొడి అడవులకు ఇది పెద్ద తలనొప్పి. కానరీ దీవుల్లోనూ అదే గోల. యూరోపియన్ యూనియన్ 2017లో దీన్ని ఆక్రమణ జాతుల జాబితాలో చేర్చింది, అంటే అక్కడ అమ్మకూడదు, పెంచకూడదు. విత్తనం పట్టని ఎర్ర రకం అంత రౌడీ కాదు. ఆకుపచ్చ రకం మాత్రం అసలు సిసలు. మా వీధి చివర ఒకరింట్లో పెట్టింది రెండేళ్లకు మోరీ పక్క సిమెంటు పగుళ్లలో మొలిచింది. మనకు ఇది కొత్త కథా? గుర్రపుడెక్క ఒకప్పుడు పూలు బాగున్నాయని తెచ్చిందే. లాంటానా కూడా అంతే.

కుచ్చు అందమే కావాలనుకుంటే మన గునుగు చాలదా అని కూడా అనిపిస్తుంటుంది. గడ్డి కాదు, తోటకూర కుటుంబం, కానీ బతుకమ్మలో పేర్చినప్పుడు ఆ వెండి కుచ్చుకి ఏం తక్కువ? సరే, అది వేరే పోస్టు.

ఆ ఏడాది జూన్‌లో నాయిన మళ్లీ వచ్చాడు. ఈసారి సంచిలో రేల కాయ, అదే వేసవిలో పసుపు గుత్తులు పూసే చెట్టు కాయ, తెచ్చాడు. మూరెడు పొడవు, నల్లగా, లాఠీలా ఉంది. చెవి దగ్గర పెట్టి ఊపితే గలగలమంది. బండ మీద పెట్టి రాయితో పగలగొట్టాడు. లోపల రూపాయి బిళ్లలు పేర్చినట్టు పలచటి అరలు, అరకొక గింజ, అరల గోడలకి తారులాంటి నల్లటి జిగురు. తియ్యగా, ముక్కు ముడుచుకునే వాసన. ఆయుర్వేదంలో ఆరగ్వధం అని దీన్నే విరేచనానికి వాడతారు. గింజకి పెంకు మహా గట్టి, ఊరికే నాటితే నెలల తరబడి ఉలుకూ పలుకూ ఉండదు. నాయిన ఒక్కో గింజనీ అంచు దగ్గర గచ్చుకేసి రుద్దాడు, లోపలి తెలుపు కాస్త కనిపించేదాకా. రాత్రంతా నానబెట్టాడు. పొద్దునకి ఉబ్బిన వాటిని ఏరి కవర్లలో పెట్టాడు. పదింటిలో ఆరు మొలిచాయి. మరుసటి వర్షాకాలం మధ్యలోని ఆరు గడ్డి దుబ్బులు పీకి, రెండడుగుల గుంత తీసి, అందులో బాగున్న మొక్కని పెట్టాం. దుబ్బులు పీకడానికి గడ్డపారతో ఇద్దరికి ఒక పూట పట్టింది. పైకి మెత్తగా ఊగే గడ్డి కింద ఎంత పట్టుంటుందో అప్పుడు అర్థమైంది.

వాస్తు చెప్పే ఆయన కూడా సరేనన్నాడు. పెద్ద చెట్లు పడమర, దక్షిణాల్లో ఉండాలనేది వాళ్ల మాట. మా గోడకి మధ్యాహ్నం ఎండ వచ్చేదీ అటునుంచే. వాస్తు మీద నమ్మకం సగమే ఉన్న నాకు ఆ రోజు నోరు మెదపాల్సిన అవసరం రాలేదు.

రేలనే ఎందుకంటే, మొదటిది, ఇది మన అడవి చెట్టు. మన వానకి, మన ఎండకి అలవాటు పడినది. రెండోది సైజు. తురాయి పూలు నాకూ ఇష్టమే, కానీ మడగాస్కర్ నుంచి వచ్చిన ఆ చెట్టు గొడుగులా విచ్చుకుంటుంది, కొమ్మ పెళుసు, వేరు పైపైనే పాకి గోడని లేపుతుంది. 200 గజాలకి అది ఏనుగుని కట్టేసుకోవడమే. రేల నిటారుగా పెరుగుతుంది, కొమ్మలు ఓ పద్ధతిలో ఉంటాయి. కరెంటు తీగ కింద మాత్రం పెట్టకండి. పెడితే ఏటా లైన్‌మన్లు వచ్చి తల నరికి పోతారు, ఆ తర్వాత దాన్ని చెట్టనాలో స్తంభమనాలో తెలియదు.

మూడో ఏటికి కిటికీ ఎత్తు దాటింది. నాలుగో ఏటికి గోడ మీద నీడ పడింది. 2025 మే మొదటి వారంలో, పనమ్మాయి ఊడుస్తూ "అక్కా, చెట్టుకి ద్రాక్ష గుత్తులొచ్చినయ్" అంది. అవి మొగ్గలు. పచ్చటి పూసలు దారానికి గుచ్చి వేలాడదీసినట్టు, పైవి లావుగా, కిందికి పోయేకొద్దీ సన్నగా. నాలుగు రోజుల్లో పైనుంచి కిందికి విచ్చుకుంటూ వచ్చాయి. మూరెడు పొడవు పసుపు గుత్తులు మొత్తం పదకొండు, లెక్కపెట్టాను. కేరళలో విషు పండక్కి దేవుడి ముందు పెట్టే కణికొన్న ఇదే. థాయిలాండ్‌కి జాతీయ పుష్పం కూడా ఇదే. అన్ని హోదాలున్న పువ్వు మా సెప్టిక్ ట్యాంకుకి నాలుగడుగుల దూరంలో పూసింది.

పువ్వుని దగ్గరగా చూడండి ఎప్పుడైనా. కేసరాలు అన్నీ ఒకేలా ఉండవు. మూడు మాత్రం పొడుగ్గా, గాలపు కొక్కెంలా వంగి ముందుకొస్తాయి. మిగతావి లోపల పొట్టిగా ఉంటాయి. మకరందం ఉండదు, పుప్పొడి కోసమే తుమ్మెద వస్తుంది. పొట్టి కేసరాలని కాళ్లతో వాటేసుకుని ఒళ్లంతా అదిలిస్తుంది. 'జుయ్య్' అని ఒక్క క్షణం చప్పుడు, ఆగి, మళ్లీ ఇంకో పువ్వు మీద 'జుయ్య్'. అది తన తిండి ఏరుకుంటుంటే ఆ పొడుగు కొక్కేలు దాని ఒంటికి పుప్పొడి పూసి పంపిస్తాయి. నల్ల తుమ్మెద వీపు మీద పసుపు మరక నాకు స్పష్టంగా కనిపించింది. గడ్డికి గాలి చాలు, తుమ్మెదతో పనిలేదు. మునియా పిట్టలు వచ్చి గూటికని కుచ్చులు తెంపుకుపోతాయి, అంతవరకు దాన్నీ మెచ్చుకోవాలి.

చెట్టు తరఫున వకాల్తా పుచ్చుకున్నానని దాని తప్పులు దాచను. రేల సరిగ్గా ఎండలు ముదిరే వేళకే ఆకు రాలుస్తుంది. ఏప్రిల్‌లో కొన్ని వారాలు మా గోడ మళ్లీ కాలుతుంది. పూలతోపాటు చిగురు వచ్చి మే నడిమికి నీడ తిరిగొస్తుంది గానీ, ఆ కొన్ని వారాలూ మా నాయినని తిట్టుకుంటాను. రెండో ఏట ఆకులన్నీ జల్లెడయ్యాయి. లేత పసుపు సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టి పోయాయి, పురుగులు ఈనెలు మిగిల్చాయి. మందు కొట్టబోతే నాయిన ఫోన్లో ఆగమన్నాడు. ఆగాను. మూడు వారాల్లో కొత్త ఆకు వచ్చింది. పూలరెక్కలు రాలి కారు అద్దానికి అతుక్కుంటాయి. రేపు కాయలు కాస్తే ఆ జిగురు ఎవరి బండి మీద పడుతుందో చూడాలి. ఇంకోటి, చెట్టు పెరిగాక నచ్చలేదని నరికేయడానికి లేదు. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచి ఉంది, సొంత పెరట్లో చెట్టుకైనా అనుమతి కావాలి. గడ్డినైతే మేమే ఒక పూటలో పీకేశాం. అడ్డంకిగా చూస్తే అడ్డంకే. నేను మాత్రం అందుకే పెట్టే ముందు వారం రోజులు ఆలోచించాను. గడ్డికి పది నిమిషాలు కూడా ఆలోచించలేదు.

చెట్టని చెప్పి ఏది పడితే అది పెట్టినా నష్టమే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి విశాఖ చెట్లన్నీ పెకలించాక, త్వరగా పచ్చదనం రావాలని ఏడాకుల పాల చెట్లు వీధులంతా నాటారు. చలికాలం సాయంత్రాలు ఆ పూల ఘాటుకి తలనొప్పి వస్తోందని ఇప్పటికీ జనం మొత్తుకుంటారు. మన దగ్గర, త్వరగా పెరుగుతుందని రోడ్ల వెంట నాటి తర్వాత ఆరోగ్యానికి చేటని మొత్తుకున్న కోనోకార్పస్ చెట్టు గొడవ చూశాం. రెండు చోట్లా కారణం ఒకటే, తొందర. మా ల్యాండ్‌స్కేప్ అతను గడ్డితో చేసింది, వాళ్లు చెట్టుతో చేశారు. ఇక గాలివానలు కొట్టే సముద్రపు ఒడ్డున, ఇంటిని ఆనుకుని చెట్టు వద్దు, గడ్డే నయం అని ఎవరైనా వాదిస్తే నేను ఎదురు చెప్పను.

మా ఇంట్లో గడ్డి పూర్తిగా పోలేదు. సెప్టిక్ ట్యాంకు బండ మీద అడుగు మట్టే ఉంది, అక్కడ చెట్టు పెట్టలేం. ఎనిమిది ఎర్ర దుబ్బులు అక్కడే ఉన్నాయి, సాయంత్రం వెలుగులో ఇప్పటికీ ముద్దొస్తాయి. జనవరి చివర చేతికి తొడుగులు వేసుకుని జానెడు ఎత్తుకి కత్తిరించేస్తాను, మార్చికి ఎండుగడ్డి మిగలదు. తొడుగులు మరవకండి, ఆకు అంచు చర్మం గీరేస్తుంది. ఇంకుడు గుంత అంచున వట్టివేరు పెట్టాను. అదీ గడ్డే, చూపుకి పచ్చగా ఒత్తుగా నిలబడుతుంది. వేరు అడ్డంగా పాకదు, నిటారుగా మూడు మీటర్ల దాకా దిగి మట్టిని పట్టి ఉంచుతుంది. కర్ణాటక రైతులు పొలం గట్లకి ఎప్పటి నుంచో వాడుతున్న ఈ గడ్డిని 1980లలో ప్రపంచ బ్యాంకు వాళ్లు మట్టి కోతకు మందుగా ఊరూరా ప్రచారం చేశారు. నీళ్ల కుండలో దాని వేర్లు నాలుగు వేస్తే వచ్చే వాసన మనకు తెలిసిందే. ఎవరైనా గడ్డే కావాలని పట్టుబడితే నేను దాని పిలకలు ఇచ్చి పంపుతున్నాను.

మొన్న పక్క ప్లాటు వాళ్లు ఇల్లు పూర్తిచేశారు. నిప్పురవ్వ వచ్చిన ఆ ప్లాటే. నాయిన కవర్లలో మొలిచిన ఆరింటిలో ఒకటి పెద్ద కుండీలో అలాగే పెంచుతూ వచ్చాను, అది వాళ్లకి ఇస్తానన్నాను. ఆవిడ సంతోషించింది. "తప్పకుండా అక్కా, ముందు గులకరాళ్ల పని అయిపోనివ్వండి, అప్పుడు చోటు చూసి పెడతాం" అంది. రాళ్ల లారీ వచ్చి మూడు వారాలైంది. కుండీ ఇంకా మా కుళాయి పక్కనే ఉంది, నీళ్లు నేనే పోస్తున్నాను.